హామండ్ కుటుంబం కాగితాలు చదవాలంటే: పద్దులు ముందు, డైరీ చివర

అమెరికా దక్షిణాది చరిత్రలోకి కాస్త లోతుగా దిగినవాళ్లకు జేమ్స్ హెన్రీ హామండ్ పేరు తగలకుండా ఉండదు. 1842 నుంచి 1844 దాకా సౌత్ కరోలినా గవర్నరు, 1857 నుంచి 1860 దాకా సెనేటరు. పత్తి రాజు లాంటిదని, దానిమీద యుద్ధానికి దిగే ధైర్యం భూమ్మీద ఏ శక్తికీ లేదని 1858 మార్చి 4న సెనేట్‌లో సవాలు విసిరింది ఈయనే. పుట్టింది ఒక బడిపంతులు ఇంట్లో, 1807లో. 1831లో పదిహేడేళ్ల క్యాథరిన్ ఫిట్జ్‌సైమన్స్‌ను పెళ్లి చేసుకుని, ఆ పెళ్లితో సవన్నా నది ఒడ్డున సిల్వర్ బ్లఫ్ అనే ప్లాంటేషన్‌కూ, అక్కడ బానిసలుగా ఉన్న 147 మందికీ యజమాని అయ్యాడు.

ఈ మనిషి రాయనిది లేదు, రాసింది పారేసినట్టూ కనిపించదు. ఉత్తరాలు, వ్యవసాయపు దినచర్య, జమాఖర్చులు, ప్లాంటేషన్ నిబంధనలు, రహస్య డైరీలు అన్నీ మిగిలాయి. కొడుకులు, మనవలు, మునిమనవడు దాకా వాటిని దాచారు. 1864 నవంబరులో, అంతర్యుద్ధంలో దక్షిణాది ఓటమి కనుచూపుమేరలో ఉండగా ఆయన చనిపోయినా కాగితాల ప్రవాహం ఆగలేదు. అందుకే పంతొమ్మిదో శతాబ్దపు దక్షిణాది రాజకీయ కుటుంబం ఎలా బతికిందో, ఎవరి కష్టం మీద బతికిందో ఇంత దగ్గర నుంచి చూపించే సేకరణలు అరుదు.

మీరు అమెరికాలో ఎమ్మే చేస్తూ సెమినార్ పేపరు కోసం వెతుకుతున్నా, ఇక్కడ ఇంటి దగ్గరే కూర్చుని ఆసక్తికొద్దీ చదువుతున్నా, పని వరస మాత్రం ఒకటే. చాలామంది నేరుగా రహస్య డైరీల మీద పడతారు, అందులో కుంభకోణం ఉందని తెలుసు కాబట్టి. అలా మొదలుపెడితే ఆయన గొంతే మీ చెవిలో నిలిచిపోతుంది. మిగతా కాగితాలన్నీ ఆ గొంతుతోనే చదువుతారు. నేను చెప్పే వరస దానికి తలకిందులు.

ముందు ఒక ప్రశ్న పట్టుకోండి

"హామండ్ గురించి తెలుసుకోవాలి" అని వెళితే నెలలు గడుస్తాయి, చేతిలో ఏమీ మిగలదు. చిన్న ప్రశ్న కావాలి. 1841 తరవాత ఆయన నది మీదుగా సున్నపు మట్టి తెప్పించి పొలాలకు వేయించాడు, వ్యవసాయ సంస్కర్తగా పేరు తెచ్చుకున్నాడు. ఆ మట్టిని తవ్వింది ఎవరు, పడవల్లోకి ఎత్తింది ఎవరు, ఆ నెలల్లో మామూలు పొలం పని ఎవరి మీద పడింది? ఇది మంచి ప్రశ్న. సిల్వర్ బ్లఫ్‌లో బానిసగా ఉన్న ఫలానా స్త్రీ పిల్లలు 1870 నాటికి ఎక్కడున్నారు? ఇది ఇంకా మంచి ప్రశ్న, ఇంకా కష్టమైనది కూడా.

తెలుగువాళ్లకు సహజంగా తట్టే ప్రశ్న ఇంకొకటి ఉంది. పత్తి రాజని ఆయన అన్న మూడేళ్లకే అంతర్యుద్ధం వచ్చి దక్షిణాది రేవులు మూతపడ్డాయి. ఇంగ్లండులోని లాంకషైర్ బట్టల మిల్లులు భారతదేశం వైపు తిరిగాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్లారి, కర్నూలు, కడప వైపు పత్తి ధర ఎగబాకి, యుద్ధం ముగియగానే కూలింది. అటు హామండ్‌లకు పత్తి అమ్మిపెట్టిన వర్తకుల ఉత్తరాలు, ఇటు చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌లో ఉన్న రెవెన్యూ దస్త్రాలు పక్కపక్కన పెట్టి చదవడం రెండు భాషలూ వచ్చినవాళ్లు చేయదగ్గ పని.

ప్రశ్నను ఒక వాక్యంలో రాసి నోట్సు మొదటి పేజీలో అంటించుకోండి. మధ్యలో మారుతుంది, మారనివ్వండి. కానీ మారినప్పుడు తేదీ వేసి కొత్త వాక్యం రాయండి.

కాగితాలు ఎక్కడున్నాయి, చేతికి ఎలా వస్తాయి

ప్రధానంగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి కొలంబియాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయానికి చెందిన సౌత్ కరోలినియానా లైబ్రరీ. 1840లో కట్టిన భవనం అది. రెండోది వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. ఒకచోట ఉన్నదే రెండోచోట ఉంటుందని అనుకోవద్దు. ఉదాహరణకు 1857–58 నాటి ప్లాంటేషన్ నిబంధనల పుస్తకం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. ఒకే సంవత్సరానికి చెందిన కాగితాలు రెండు ఊళ్లలో ఉండొచ్చు. కాబట్టి రెండు కేటలాగులూ ముందే చూడాలి.

కుటుంబం చివరి తరం కాగితాలు కావాలంటే జాన్ షా బిల్లింగ్స్ పేరుతో వెతకండి. లైఫ్ పత్రికకు మొదటి మేనేజింగ్ ఎడిటర్ ఆయన, హామండ్‌కు మునిమనవడు. తాతల ఇల్లు రెడ్‌క్లిఫ్‌ను 1935లో కొని బాగుచేయించి, 1973లో రాష్ట్రానికి ఇచ్చాడు. ఆయన సొంత కాగితాలూ కొలంబియాలోనే ఉన్నాయి.

అచ్చులో దొరికేవి కూడా ఉన్నాయి. కారల్ బ్లెసర్ సంపాదకత్వంలో 1981లో కుటుంబ ఉత్తరాల సంపుటం, 1988లో రహస్య డైరీలు వెలువడ్డాయి. డ్రూ గిల్పిన్ ఫౌస్ట్ రాసిన జీవితచరిత్ర 1982లో వచ్చింది. ఉత్తరాల సంపుటం ఎంపిక అని మరిచిపోకండి. ఎంపిక చేసిన మనిషి ప్రశ్న వేరు, మీ ప్రశ్న వేరు.

ఇక మైక్రోఫిల్మ్. అంతర్యుద్ధానికి ముందటి దక్షిణాది ప్లాంటేషన్ రికార్డులను చరిత్రకారుడు కెన్నెత్ స్టాంప్ ప్రధాన సంపాదకత్వంలో పెద్ద సిరీస్‌గా ఫిల్మ్ తీశారు. అందులో కరోలినియానా లైబ్రరీ విభాగంలో మొట్టమొదటి భాగమే హామండ్ కాగితాలు. ఆ సిరీస్ ఇప్పుడు ప్రోక్వెస్ట్ హిస్టరీ వాల్ట్ అనే ఆన్‌లైన్ డేటాబేసులో డిజిటల్‌గా ఉంది. మీ యూనివర్సిటీకి చందా ఉంటే గదిలోంచి కదలకుండా చూడొచ్చు. లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ (వేరే లైబ్రరీ నుంచి అరువు) మీద ఫిల్మ్ రీళ్లు తెప్పించమని లైబ్రేరియన్‌ను అడగండి. మనలో చాలామంది అడగడానికి మొహమాటపడతారు. అక్కడ అది వాళ్ల ఉద్యోగం, మీరు అడిగితేనే వాళ్లకు పని.

భారతదేశం నుంచి చదివేవాళ్లు రెండు లైబ్రరీలకూ ఈమెయిల్ రాయొచ్చు. కానీ "హామండ్ పేపర్లు పంపండి" అని రాస్తే మర్యాదగా ఒక లింకు పంపి ఊరుకుంటారు. గైడు చదివి, పెట్టె నంబరు, ఫోల్డర్ నంబరు, తేదీలు రాసి, "ఈ ఫోల్డర్‌లో ఎన్ని పేజీలున్నాయి, స్కాన్‌కు ఎంతవుతుంది, ఇదివరకే స్కాన్ అయిందా" అని మూడే ప్రశ్నలు అడగండి. చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం, డబ్బు మిగులుతుంది.

వాషింగ్టన్ వెళ్లగలిగితే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రీడర్ కార్డు పదహారేళ్లు నిండిన ఎవరికైనా ఉచితం. గుర్తింపు కార్డు చాలు, పాస్‌పోర్టు పనికొస్తుంది. రాతప్రతుల గది మాడిసన్ భవనంలో ఉంటుంది. సంచులు, పెన్నులు బయటే వదలాలి.

గైడు చదవడం, పేర్ల చిక్కు విప్పడం

ప్రతి సేకరణకూ ఒక గైడు ఉంటుంది. ఏ పెట్టెలో ఏమున్నదో చెప్పే జాబితా. దాన్ని పదినిమిషాల్లో తిరగేసి పక్కన పెట్టకండి, పూర్తిగా చదవండి. రాజకీయ ఉత్తరాలు తేదీల వారీగా సర్ది ఉంటాయి. బానిసల జాబితాలు మాత్రం "వ్యాపార కాగితాలు", "ప్లాంటేషన్ పుస్తకాలు", "ఇతరాలు" లాంటి శీర్షికల కింద ఉంటాయి. మనుషుల గురించి వెతికేవాళ్లు వస్తువుల అరలో వెతకాల్సి రావడం ఈ సేకరణలన్నిటిలో ఉన్నదే. కాబట్టి బానిసలు అనే మాటతో మాత్రమే వెతికితే చాలా తప్పిపోతాయి. యజమానులు వాళ్లను నీగ్రోలు, హ్యాండ్స్, ఫోర్స్, పీపుల్, సర్వెంట్స్ అని రాసేవాళ్లు. ఆ మాటలన్నీ వేసి చూడండి.

తరవాత ఒక వంశవృక్షం గీసుకోండి. పెద్ద కొడుకు పేరు కూడా జేమ్స్ హెన్రీయే. ఇంట్లో హ్యారీ అనేవాళ్లు (1832–1916). 1880 జనగణన కోసం సౌత్ కరోలినా పత్తి సాగు మీద నివేదిక రాసింది ఈ హ్యారీ. ఇంకో కొడుకు ఎడ్వర్డ్ స్పాన్‌ను స్పాన్ అని పిలిచేవారు. గవర్నరు హామండ్ తమ్ముడు మార్కస్ క్లాడియస్ మార్సెలస్ సంతకం ఎం.సి.ఎం. హామండ్ అని ఉంటుంది. క్యాథరిన్ అక్క ఆన్, రెండో వేడ్ హాంప్టన్ భార్య. ఆ హాంప్టన్ కొడుకు, ఆయన తండ్రి పేర్లు కూడా వేడ్ హాంప్టనే. ఏ వేడ్ అన్నది తేల్చుకోకుండా ఒక్క పేజీ కూడా ముందుకెళ్లొద్దు.

ఊళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. సిల్వర్ బ్లఫ్ అప్పట్లో బార్న్‌వెల్ డిస్ట్రిక్ట్‌లో ఉండేది. తరవాత కట్టిన రెడ్‌క్లిఫ్ ఉన్న బీచ్ ఐలాండ్, ఎడ్జ్‌ఫీల్డ్‌లో ఉండేది. 1871లో ఐకెన్ కౌంటీ ఏర్పడ్డాక ఆ ప్రాంతం అందులోకి వెళ్లింది. ఇవాళ్టి మ్యాపు చూసి ఐకెన్ రికార్డులు వెతికితే 1860 నాటి మనుషులెవరూ దొరకరు. నదికి అవతల జార్జియాలోని అగస్టా దగ్గరి పట్నం కాబట్టి అక్కడి పత్రికలు, బ్యాంకు రికార్డులు కూడా జాబితాలో చేర్చుకోండి.

చేతిరాత అలవాటు చేసుకోవడం

మన కరణాల గొలుసుకట్టు రాత ఎప్పుడైనా చదవబోయినవాళ్లకు మొదటి రోజు ఎలా ఉంటుందో తెలుసు: అక్షరాలు తెలిసినవే, మాట మాత్రం విడివడదు. ఇక్కడా అంతే. దీనికి మంచి ఉపాయం, అచ్చయిన ఒక డైరీ పేజీని, అదే పేజీ రాతప్రతి ఫిల్మ్‌ను పక్కపక్కన పెట్టుకుని చదవడం. కొన్ని పేజీలకే ఆయన పెద్దక్షరాలు, కలిపిరాసే పద్ధతి పట్టుబడతాయి. దీనికోసం డైరీలోంచి వర్షం, పంట గురించిన పేజీలు తీసుకోండి. అసలు డైరీ తరవాత.

కొన్ని గుర్తులు ముందే తెలిస్తే సగం ఇబ్బంది తీరుతుంది. ఉత్తరంలో తేదీ పక్కన "ఇన్‌స్ట్" అని ఉంటే ఈ నెల, "అల్ట్" అంటే పోయిన నెల. పద్దుల్లో "డిటో" గుర్తు పైవరసలోని మాటే మళ్లీ అని. విలియం, చార్లెస్, జేమ్స్ లాంటి పేర్లు రెండు మూడు అక్షరాలకు కుదించి, చివరి అక్షరం పైన రాస్తారు. పాత తరం రాతలో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా పొడుగ్గా కనిపిస్తుంది. 1845కు ముందు అమెరికాలో తపాలా రుసుము కాగితాల లెక్కన ఉండేది, కవరు కూడా ఒక కాగితమే. అందుకని ఉత్తరాన్నే మడిచి, వెనకవైపు చిరునామా రాసి పంపేవాళ్లు. కొందరు రాసిన పేజీ మీదే అడ్డంగా మళ్లీ రాసేవాళ్లు. అలాంటి పేజీని స్క్రీన్ మీద తిప్పుకుని ఒక దిశ పూర్తిగా చదివాకే రెండో దిశ మొదలుపెట్టండి.

ట్రాన్స్‌క్రిబస్ లాంటి చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్ రాజకీయ ఉత్తరాలకు బాగానే పనికొస్తుంది. మనుషుల జాబితాలకు మాత్రం దాని మీద ఆధారపడొద్దు. జాబితాలో ముందూ వెనకా వాక్యం ఉండదు కాబట్టి యంత్రం పేర్లను తోచినట్టు రాసేస్తుంది. ఆ మనిషికి సంబంధించి ఈ లోకంలో మిగిలింది ఆ పేరొక్కటే కావచ్చు. ఒక్కో పేరూ మీ కళ్లతోనే చూడాలి.

ఇప్పుడు పద్దుల పుస్తకం తెరవండి

ఇక్కడే ఎక్కువ కాలం గడపాలి. ఎక్సెల్‌లో ఒక పట్టిక చేయండి. ఒక్కో వరసకు ఒక్కో మనిషి: పేరు, ఏ కాగితంలో ఏ తేదీన, వయసు రాసి ఉంటే వయసు, తల్లి పేరు, ఏ పని, కట్టిన విలువ, తరవాత ఏమైందో. మొదటి వరసలు 1831 డిసెంబరులో సిల్వర్ బ్లఫ్ చేతికొచ్చినప్పుడు చేసిన లెక్కలోంచి వస్తాయి. ఆపైన కొన్నవాళ్లు, పుట్టినవాళ్లు, చనిపోయినవాళ్లు, పారిపోయినవాళ్లు ఎదురైనకొద్దీ చేరుస్తూ పోండి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు ఉంటారు. పెద్ద, చిన్న అని, లేదా తల్లి పేరుతో విడదీస్తారు. ఇద్దరినీ ఒకరనుకుని కలిపేయడం కన్నా ఒకరినే ఇద్దరుగా ఉంచడం తక్కువ ప్రమాదం. తండ్రి గడి చాలా చోట్ల ఖాళీగా మిగులుతుంది. దాన్ని ఊహతో నింపకండి.

వంద మంది చేరేసరికి పట్టిక తనంతట తానే మాట్లాడడం మొదలుపెడుతుంది. ఏ ఏడాది పసిపిల్లలు ఎక్కువగా పోయారు, అది ఏ కాలం, అప్పుడు పొలంలో ఏ పని నడుస్తోంది అన్నది కనిపిస్తుంది. సిల్వర్ బ్లఫ్‌లో చావులు ఎక్కువ. హామండే తన డైరీలో పోయిన మనుషులనూ, చచ్చిన గుర్రాలనూ కంచరగాడిదలనూ ఒకేచోట నష్టంగా లెక్కకట్టుకుని, ఇది చూస్తే నన్ను రాక్షసుడనుకుంటారేమో అని వాపోయాడు. ఆ వాక్యం విడిగా చదివితే బాధపడుతున్న మనిషి వినిపిస్తాడు. పట్టిక చేసుకున్నాక చదివితే అది వేరే రకంగా వినిపిస్తుంది.

పద్దులతోపాటు నిబంధనల పుస్తకం చదవాలి. పనిచేసే ఒక్కొక్కరికి వారానికి 3 పౌండ్ల పంది మాంసం (సుమారు 1.4 కిలోలు), ఒక పెక్ (సుమారు తొమ్మిది లీటర్ల కొలత) మొక్కజొన్న పిండి. పాలిచ్చే తల్లులు పొద్దుపొడిచేదాకా ఇల్లు కదలనక్కర్లేదు, పొలానికి వెళ్లేముందు బిడ్డను పిల్లల ఇంట్లో వదిలిపెట్టాలి, పాలిచ్చే కాలం 12 నెలలు. ఒక రోజులో కొరడా దెబ్బలు 100కు మించకూడదు, అదీ తీవ్రమైన సందర్భాల్లో, మామూలుగా 15, 20 సరిపోతాయి. ఇదంతా ఓవర్సీరుకు ఇచ్చిన ఆదేశం.

దీన్ని చదివేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. మొదటిది, రాసిందల్లా జరిగిందనుకోవడం. కాదు. మాంసం కొన్న బిల్లులు, గుడ్డ కొన్న బిల్లులు పద్దుల్లో ఉంటాయి. వాటిని తలల లెక్కతో భాగించి చూస్తే నిబంధన ఎంతవరకు అమలైందో అంచనాకు రావచ్చు. రెండోది, నిబంధన అంటే యజమాని శక్తి అనుకోవడం. ప్రతి నిబంధన వెనకా దాన్ని ధిక్కరించినవాళ్లున్నారు. పని తప్పించుకున్నవాళ్లు, అడవిలో కొన్నాళ్లు దాక్కుని వచ్చినవాళ్లు, రాత్రిపూట తమ ప్రార్థనలు తాము చేసుకున్నవాళ్లు. సిల్వర్ బ్లఫ్ అమెరికాలో నల్లవారి తొలి బాప్టిస్టు సంఘాల్లో ఒకటి పుట్టిన చోటు, హామండ్ పుట్టకముందే, 1770లలో. వచ్చిన కొత్తలోనే నల్లవారి విడి ప్రార్థనలను అణచాలని చూసినవాడు, ఆ తరవాతి రాతల్లో ఆ విషయం ఎన్నిసార్లు ఎత్తాడో గుర్తు పెట్టుకోండి. ఎన్నిసార్లు ఎత్తాడో, అన్నిసార్లు అణచడం కుదరలేదని అర్థం.

ఒక పద్దు, రెండు ఉత్తరాలు

పద్దులు ముందెందుకు చదవాలంటానో ఒక ఉదాహరణ చెబుతాను. 1839 జనవరిలో హామండ్ ఒక కొనుగోలు చేశాడు: శాలీ జాన్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుట్టుపని మనిషి, ఆమె ఏడాది కూతురు లూయీసా, ఇద్దరికీ కలిపి 900 డాలర్లు. కొనుగోలుగా చూస్తే అందులో ఏ విశేషమూ లేదు. పట్టికలో రెండు వరసలు చేరతాయంతే.

1845లో హామండ్, బ్రిటిష్ బానిసత్వ వ్యతిరేక ఉద్యమ పెద్ద థామస్ క్లార్క్‌సన్‌ను ఉద్దేశించి రెండు పెద్ద బహిరంగ లేఖలు అచ్చు వేయించాడు. బానిసత్వాన్ని సమర్థించే రచనల్లో పేరుపడ్డవి అవి. యజమానులు బానిస స్త్రీలను చెరుస్తారన్న ఆరోపణ ఎంతో పెంచి చెప్పిందని అందులో వాదించాడు.

1856 ఫిబ్రవరి 19న కొడుకు హ్యారీకి ఒక ఉత్తరం రాశాడు. తను పోయాక శాలీ, లూయీసా, వాళ్ల పిల్లలు ఏం కావాలన్నది విషయం. ఆ పిల్లల్లో కొందరు తనవాళ్లు, మరికొందరు హ్యారీ బిడ్డలు కావచ్చని అందులో ఒప్పుకుంటాడు. వాళ్లను ఉత్తరాదికి పంపి విడుదల చేయడం క్రూరత్వమట, పరాయివాళ్లకు బానిసలు కాకుండా ఈ కుటుంబంలోనే బానిసలుగా ఉండడం వాళ్లకు దక్కే మేలైన స్థితి అట. లూయీసాకు పన్నెండేళ్లు వచ్చేసరికే ఆయన ఆమెను కూడా వదల్లేదు. 1850లో క్యాథరిన్ పిల్లల్ని తీసుకుని ఇల్లు విడిచి వెళ్లింది అందుకే. కొన్నేళ్లదాకా తిరిగి రాలేదు.

నేరుగా 1856 ఉత్తరం చదివితే శాలీ, లూయీసా ఒక పెద్దమనిషి జీవితంలో ఒక "రహస్యం"గా కనిపిస్తారు. పద్దుల్లోంచి వస్తే వాళ్లు అప్పటికే మీ పట్టికలో ఉన్నారు. ఏ ఏడాది వచ్చారో, అప్పుడు వయసెంతో, ఖరీదెంతో మీకు తెలుసు. లూయీసా వరస పక్కన ఒక్కో ఏడూ ఆమె వయసు వేసుకుంటూ రండి, చాలు.

కుటుంబం బయటి రికార్డులతో సరిచూడటం

కుటుంబం దాచిన కాగితాలు కుటుంబం దాచదలచుకున్నవే. అందుకే బయటి సాక్ష్యం కావాలి. 1850, 1860 జనగణనల్లో బానిసల పట్టికలు విడిగా ఉన్నాయి. యజమాని పేరు కింద ప్రధానంగా వయసు, ఆడా మగా, రంగు ఉంటాయి. మనుషుల పేర్లు ఉండవు. మీ పట్టికలోని వయసులతో వాటిని జత చేయొచ్చు, కానీ ఈ వయసులు గుండుగుత్తగా వేసినవి, రెండు మూడేళ్ల తేడా సహజం.

1870 జనగణనలో మొదటిసారి వాళ్లంతా పేర్లతో, ఇంటిపేర్లతో కనిపిస్తారు. అందరూ హామండ్ అనే పెట్టుకుని ఉంటారని వెతకడం పెద్ద పొరపాటు. చాలామంది అంతకుముందు యజమాని పేరో, తాము ఎంచుకున్న పేరో పెట్టుకున్నారు. కాబట్టి ఇంటిపేరుతో కాక, బీచ్ ఐలాండ్ చుట్టుపక్కల ఇళ్ల వరస మొత్తం చదువుతూ, మొదటి పేర్ల గుంపు కోసం చూడండి: తల్లి, ముగ్గురు పిల్లలు, అదే వయసు క్రమం. పేజీలు ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితం.

అగస్టాలో ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు (విడుదలైన బానిసల కోసం పెట్టిన పొదుపు బ్యాంకు) శాఖ ఉండేది. 1865లో మొదలై 1874లో మూతపడిన ఆ బ్యాంకు, ఖాతాదారులు పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, ఒక్కోచోట పాత యజమాని పేరు కూడా రాయించుకుంది. డిపాజిట్లు మునిగాయి, రిజిస్టర్లు మిగిలాయి. విడుదలైనవాళ్లు తమ కుటుంబం గురించి తామే చెప్పుకున్న మాటలు ఇంత సూటిగా దొరికే చోటు ఇంకొకటి తక్కువ. విడుదలైనవాళ్ల వ్యవహారాలు చూసిన ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో కాగితాల్లో 1865 తరవాతి కూలి ఒప్పందాలుంటాయి. వాటిని హ్యారీ కాలపు పద్దులతో కలిపి చదవండి.

ఉత్తరాలు, చివరికి డైరీ

రాజకీయ ఉత్తరాలు తొందరగా అయిపోతాయి, సగం ఎన్నికల లెక్కలే. నవలాకారుడు విలియం గిల్మోర్ సిమ్స్‌తో నడిపిన స్నేహం మాత్రం నిదానంగా చదవదగ్గది. ఆడవాళ్ల ఉత్తరాలు వదలకండి. ఎవరు జబ్బుపడ్డారు, వంటింట్లో ఎవరున్నారు, ఎవరిని ఏ ఇంటికి పంపారు అన్నవి వాటిలోనే తగులుతాయి.

అప్పుడు డైరీ. 1840ల మొదట్లో భార్య అక్క కూతుళ్లు నలుగురితో, టీనేజి పిల్లలతో, రెండేళ్లపాటు నడిపిన వ్యవహారాన్ని ఆయన తన చేత్తో రాసుకున్నాడు. 1843లో ఒక అమ్మాయి బయటపెట్టాక తండ్రి వేడ్ హాంప్టన్ ఆయన రాజకీయ భవిష్యత్తును అడ్డుకున్నాడు. సెనేట్ సీటు 1846లో చేజారింది, 1857లో గానీ దక్కలేదు. ఆ అమ్మాయిలెవరికీ పెళ్లి కాలేదు. డైరీలో తప్పంతా వాళ్ల మీదికి, తన దురదృష్టం మీదికి నెట్టాడు. రాతలో నేర్పు ఉంది, జాలి కలుగుతుంది కూడా. అందుకే ఒక నియమం పెట్టుకోండి: ఆయన ఎవరి మీద ఏం చెప్పినా, వాళ్ల మాట ఎక్కడైనా మిగిలిందా అని పక్కన రాయండి. ఎక్కువసార్లు "లేదు" అనే రాస్తారు. ఆ లేదుల సంఖ్య మీ వ్యాసంలో ఉండాలి.

రాసేటప్పుడు

పాత కాగితంలోని తిట్టుమాటలు ఉల్లేఖనలో ఉంటే ఉండనివ్వండి, మీ సొంత వాక్యంలోకి రానివ్వకండి. శాలీనీ లూయీసానీ ప్రియురాళ్లు, ఉంపుడుగత్తెలు అని రాయకండి. కాదనే హక్కు లేనిచోట ఆ మాటలు అబద్ధం. ప్రతి ఉల్లేఖనకూ లైబ్రరీ, సేకరణ, పెట్టె, ఫోల్డర్, తేదీ వెంటనే రాసుకోండి. ఫొటో తీసిన ఫైలు పేరులోనే ఈ ఐదూ పెడితే ఆరునెలల తరవాత ఏడవనక్కర్లేదు. ఫొటోలు అచ్చు వేయాలంటే లైబ్రరీ అనుమతి వేరుగా తీసుకోవాలి.

కొలంబియా దాకా వెళితే ఒకరోజు రెడ్‌క్లిఫ్‌కు కేటాయించండి. అగస్టా నుంచి కారులో దగ్గరే, ఇప్పుడది రాష్ట్ర చారిత్రక స్థలం. ఇల్లు చూపించే వేళలు పరిమితం, రాష్ట్ర పార్కుల వెబ్‌సైట్ చూసి బయల్దేరండి. పెద్ద ఇంటి గదులతో సరిపెట్టుకోకుండా, మిగిలి ఉన్న బానిసల ఇళ్లు కూడా చూపించమని అడగండి. మీ పట్టిక ప్రింటు ఒకటి వెంట తీసుకెళ్లి అక్కడివాళ్లకు ఇవ్వండి. ఆ ఊళ్లో పుట్టినవాళ్ల మనవలు, మునిమనవలు తమ పెద్దల పేర్లు వెతుక్కుంటూ అక్కడికే వస్తారు.